నేల టిక్కెట్టు నుంచి సంగం షాట్ దాకా: కెమెరా చదువులో మన జాగా

డిగ్రీ అయిపోయిన ఏడాది, సినిమా-టీవీ నిర్మాణంలో పీజీ చదువుతామని ఇంట్లో చెబితే మా అమ్మ ఒకటే ప్రశ్న వేసింది. "అది చదివితే ఏ ఉద్యోగమిస్తారు నాయనా?" మా నాయన అదిగూడా అడగలేదు. సినిమా చూసేది గదా, దానికి చదువేంది అని నవ్వి ఊరుకున్నాడు. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి తరం మేము. బి.ఇడి. అంటే మావాళ్ళకు అర్థమవుతుంది. గ్రూప్స్ అంటే అర్థమవుతుంది. కెమెరా చదువు అంటే మా పల్లెలో ఎవరికీ ఏమీ తోచలేదు.

అది అమాయకపు ప్రశ్న అని చాలా ఏళ్ళు అనుకున్నాం. ఇప్పుడు అట్లా అనుకోవడం లేదు. సినిమా తీయడమనే విద్య ఎవరి చేతుల్లో పెరిగింది, దానికి బడి ఎప్పుడొచ్చింది, ఆ బడి గేటు కాడ ఎవరు ఆగిపోయారు అనే చరిత్రంతా ఆ ప్రశ్నలో ముడుచుకుని ఉంది. తెలుగు సినిమా చరిత్రల నిండా హీరోల వంశాలు, స్టూడియోల వైభవం. ఆ వైభవం వెనకున్న చదువు సంగతి మనమే రాసుకోవాలి. ఈ వ్యాసం అందుకు ఒక ప్రయత్నం.

నేల

కోవూరు పెన్నకు ఉత్తరపు గట్టున ఉంది. వంతెన దాటితే నెల్లూరు. మద్రాసు మాకు సుమారు 180 కిలోమీటర్లు, హైదరాబాదు అంతకు రెండింతలు పైగా. చుట్టూ మాగాణి, మొలగొలుకులకు పేరుబడ్డ నేల. నాట్లు, కలుపు, కోత అన్నీ మాలపల్లె, మాదిగపాళెం, యానాదుల ఆడవాళ్ళ చేతుల మీద జరిగినవే. కోస్తా మాగాణి మిగులు సొమ్ము కొంత రైసుమిల్లులయింది, కొంత సినిమా హాళ్ళయింది, ఇంకొంత మద్రాసు పోయి సినిమాలే అయింది. మన రెక్కల కష్టం అట్లా తెర దాకా పోయింది. మన మనుషులు మాత్రం హాలు దాకా పోయారు.

హాలు దాకా పోవడాన్ని తక్కువ చెయ్యకూడదు. 1946లో నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి గుళ్ళోకి హరిజనులను రానివ్వాలని పొట్టి శ్రీరాములు నిరాహారదీక్ష చెయ్యాల్సి వచ్చింది. సినిమా హాలు దగ్గర దీక్ష అవసరం లేకపోయింది, టిక్కెట్టు చాలింది. తమిళ దేశంలో అన్ని కులాలూ ఒకే కప్పు కింద కూచున్న మొట్టమొదటి జాగా సినిమా హాలేనని శ్రీలంక తమిళ పండితుడు కార్తికేసు శివతంబి రాశాడు. ఆ మాట నెల్లూరుకూ సరిపోతుంది. కప్పు ఒకటే గానీ కింద మూడు లోకాలు: కుర్చీ, బెంచీ, నేల. గుడి కులం అడిగి ఆపింది, హాలు డబ్బులు అడిగి విడదీసింది. మా తాతల తరం నేల మీద, తెరకు మరీ దగ్గరగా కూచుని, మెడలు పైకెత్తి సినిమా చూసింది. ఈ మెడలెత్తి చూడడం అనే సంగతి గుర్తు పెట్టుకోండి, తర్వాత దీనితో పని ఉంది.

హాలు చుట్టూ ఉన్న పనుల్లో మనవాళ్ళు మొదటినుంచీ ఉన్నారు. మైదా జిగురు కాచి పోస్టర్లంటించిందీ, రిక్షాలో మైకు పెట్టుకుని వీధివీధి తిరిగిందీ, కొత్త సినిమా రోజు గేటు కాడ తప్పెట కొట్టిందీ వాళ్ళే. మద్రాసు స్టూడియోల్లో లైట్లు మోసినవాళ్ళు, ట్రాలీ తోసినవాళ్ళు, గుంపులో నిలబడిన జూనియర్ ఆర్టిస్టులు ఎవరో ఏ యూనిట్లో అడిగినా చెబుతారు. కాబట్టి దళితులు సినిమాలో లేరనే మాట నిజం కాదు. బరువు మోసే ప్రతిచోటా ఉన్నారు. కెమెరాకు కన్ను ఆనించే చోట లేరు.

బడి లేని విద్య

1938లో 'మాలపిల్ల' వచ్చింది. కథ చలం, మాటలు తాపీ ధర్మారావు, దర్శకుడు గూడవల్లి రామబ్రహ్మం, మాలపిల్లగా వేసింది కాంచనమాల. ఆ రోజులకు అది పెద్ద సాహసం, ఒప్పుకుంటాం. అయితే దాన్ని రాసినవాళ్ళు గానీ తీసినవాళ్ళు గానీ మాలపల్లెలో పుట్టినవాళ్ళు కాదు. మాలపిల్ల గురించి సినిమా రావడానికీ, మాలపిల్ల సినిమా తీయడానికీ మధ్య దూరం ఎంతో ఆ తర్వాతి ఎనభై ఏళ్ళ చరిత్ర చెబుతుంది.

ఆ దూరానికి కారణం జనం మనసుల్లో ఉన్న కులం ఒక్కటే అని సరిపెట్టుకుంటే మన పని తేలికైపోతుంది. విద్య చేతులు మారే పద్ధతిని చూడాలి. మద్రాసులో సినిమా విద్య గురువు దగ్గర చేరి నేర్చుకునేది. అసిస్టెంటుగా చేరాలంటే తెలిసినవాళ్ళ సిఫార్సు కావాలి. చేరినాక ఏళ్ళతరబడి జీతం ఉండీ లేనట్టుండేది. కోడంబాక్కంలోనో టీ నగర్‌లోనో తలదాచుకోవడానికి ఒక చుట్టమిల్లు కావాలి. అంటే ఒకడు సినిమా నేర్చుకోవాలంటే అతని కులానికి మద్రాసులో ఇల్లుండాలి. మా కులానికి అక్కడ ఉన్న జాగా కూవం ఒడ్డున గుడిసెలే. పరీక్ష పెట్టి, మార్కులేసి, జాబితా గోడకు అంటించే బడిలోనయితే కనీసం వాదించడానికి ఒక జాబితా ఉంటుంది. సిఫార్సు విద్యలో అదీ లేదు.

బడి రాలేదని కాదు. 1945లోనే మద్రాసు సెంట్రల్ పాలిటెక్నిక్‌లో సినిమాటోగ్రఫీ, సౌండ్ ఇంజనీరింగు చదువులు మొదలయ్యాయి. తరమణిలోని ఫిలిం ఇన్‌స్టిట్యూట్ వేరు అక్కడ ఉంది. కోవూరు నుంచి రైలెక్కితే తెల్లారేసరికి దిగే దూరం. కానీ 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక మద్రాసు మాకు పైరాష్ట్రమైంది. దాని ఫలితం తెలుగు దళిత విద్యార్థికి ఒక విచిత్రమైన రూపంలో తగిలింది. షెడ్యూల్డు కులం హోదా రాష్ట్రానికే పరిమితం. ఒక రాష్ట్రంలో ఎస్సీ లేక ఎస్టీ అయినవాడు ఇంకో రాష్ట్రానికి పోతే అక్కడి రిజర్వేషను వర్తించదని సుప్రీంకోర్టు 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో తేల్చింది. ఆయనా ఆంధ్రప్రదేశ్ నుంచి పోయిన గిరిజన కుటుంబం వాడే, బొంబాయి మెడికల్ కాలేజీలో సీటు గురించి కోర్టుకెక్కాడు. ఆ లెక్కన కోవూరు మాదిగ పిలకాయ తడ దాటితే ఓపెన్ కేటగిరీ. అంటరానితనానికి మాత్రం చెక్‌పోస్టు లేదు, అది రైల్లో మనతోబాటే వస్తుంది.

పూనా గేటు

1949లో ఎస్.కె. పాటిల్ అధ్యక్షతన ఏర్పడ్డ ఫిలిం ఎంక్వయిరీ కమిటీ 1951లో నివేదిక ఇచ్చింది. సినిమాకు ఒక ప్రభుత్వ శిక్షణ సంస్థ ఉండాలని అందులో ఉంది. తొమ్మిదేళ్ళ తర్వాత, 1960లో, పూనాలోని పాత ప్రభాత్ స్టూడియో ఆవరణలో ఫిలిం ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. రిత్విక్ ఘటక్ కొంతకాలం అక్కడ పాఠం చెప్పాడు. మణి కౌల్, కుమార్ సహానీ, జాన్ అబ్రహాం, అదూర్ గోపాలకృష్ణన్ అక్కడ చదివినవాళ్ళు. 1974లో ఢిల్లీలో ఉన్న టెలివిజన్ శిక్షణ విభాగాన్నీ అక్కడికి తెచ్చి, ఫిలిం అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా అన్నారు. 1995లో కలకత్తాలో సత్యజిత్ రాయ్ పేర రెండోది, మొన్న 2025లో అరుణాచల్‌లో మూడోది వచ్చాయి. కృష్ణకు ఇవతల కేంద్రం ఇట్లాంటి బడి పెట్టలేదు.

ఇది కేంద్ర సంస్థ గనక రిజర్వేషన్లున్నాయి. ఉన్నాయి గానీ లెక్క చూడండి. ఒక్కో విభాగంలో పది పన్నెండు సీట్లు. అందులో 15 శాతం అంటే ఒకటిన్నర, మహా అయితే ఇద్దరు. దేశం మొత్తం దళితులకు, దర్శకత్వంలో ఏడాదికి ఒకటిన్నర సీటు! ఆ సీటుకు పరీక్ష, ఇంటర్వ్యూ, వర్క్‌షాపు. మూడేళ్ళ కోర్సు చాలాసార్లు సాగి సాగి ఐదారేళ్ళవుతుంది. మొదటి తరం పట్టభద్రుడు ఇంటికి డబ్బు పంపాల్సిన వయసులో ఐదారేళ్ళు పూనాలో కూచోగలడా అనేది ఏ ప్రాస్పెక్టసులోనూ ఉండదు. 2019 డిసెంబరులో అక్కడి విద్యార్థులు ఏటా పది శాతం ఫీజు పెంపుకూ, ప్రవేశ పరీక్ష రుసుముకూ వ్యతిరేకంగా నిరాహారదీక్షకు కూచున్నారు. ఏటా పది శాతం అంటే ఏడెనిమిదేళ్ళలో రెట్టింపని లెక్కలొచ్చిన ఎవరికైనా తెలుసు. దేశానికి గుర్తున్నది మాత్రం 2015లో ఛైర్మన్ నియామకం మీద జరిగిన 139 రోజుల సమ్మె. అదీ న్యాయమైన సమ్మే. కానీ ఛైర్మన్ ఎవరనేది లోపలున్నవాళ్ళ సమస్య, ఫీజు ఎంతనేది గేటు బయట నిలబడ్డవాళ్ళ సమస్య. పత్రికలు దేనికి ఎన్ని కాలాలిచ్చాయో వెనక్కి తిరిగి చూసుకోవచ్చు.

మేము ఇంటర్వ్యూకు పోయిన సంస్థ పేరు చెప్పం, అది ఒక్కచోటి జబ్బు కాదు గనక. మా ప్రాంతంలో ఏ ఫిలిం సొసైటీలో సభ్యులమని అడిగారు. మాకు తెలిసిన సొసైటీ వ్యవసాయ పరపతి సంఘం ఒక్కటే, అందులోనూ భూమి లేదు గనక మా నాయన సభ్యుడు కాడు. ఆ మాట అప్పుడు నోటికి రాలేదు. బస్సెక్కినాక వచ్చింది. ప్రపంచ సినిమా ఎంత చూశావనే ప్రశ్న తెలివికి కొలత అనుకుంటారు. అది ఎవరింట్లో ఏ పుస్తకాలు, ఏ క్యాసెట్లు, ఏ నగరపు చుట్టాలు ఉన్నారో కొలిచే ప్రశ్న. 1991-92లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత పాఠాల నుంచి సారా వ్యతిరేక పోరాటం లేచి, దూబగుంట నుంచి ఊరూరా పాకి, 1993 అక్టోబరులో సారా నిషేధం దాకా పోయింది. అందులో ముందు నిలబడింది మా ఆడవాళ్ళు. కథ ఎట్లా మొదలవుతుంది, ఎక్కడ మలుపు తిరుగుతుంది అని మమ్మల్ని అడిగి ఉంటే ఆ సంగతి గంటసేపు చెప్పేవాళ్ళం.

కవిత వచ్చింది, సినిమా ఎందుకు రాలేదు

ఈ ప్రశ్న మిత్రులతో చాలాసార్లు వాదించాం. 1985 జూలై 17న కారంచేడు. 1991 ఆగస్టు 6న చుండూరు. ఆ రెండు నెత్తుటి మడుగుల మధ్య తెలుగు దళిత ఉద్యమం లేచింది. 'నలుపు' పత్రిక వచ్చింది, 1995లో 'చిక్కనవుతున్న పాట', మరుసటేడు 'పదునెక్కిన పాట' వచ్చాయి. పదేళ్ళలో తెలుగు కవిత్వం ముఖం మారిపోయింది. అదే పదేళ్ళలో ఒక్క దళిత దర్శకుడి పేరు అట్లా మార్మోగలేదు. ఎందుకు?

చైతన్యం చాలక అనేవాళ్ళున్నారు. మేము ఒప్పుకోం. కవితకు తెల్లకాగితం, పెన్ను చాలు. పాటకు గొంతు, తప్పెట చాలు. సినిమాకు ఆ రోజుల్లో ముడి ఫిలిం కావాలి. 35 ఎం.ఎం. ఫిలిం వెయ్యి అడుగుల డబ్బా కొంటే పరిగెత్తేది పదకొండు నిమిషాలు. ఆ పదకొండు నిమిషాలు తప్పు తీస్తే మళ్ళీ ఇంకో డబ్బా. తప్పు చెయ్యకుండా ఏ విద్యా రాదు. తప్పు చెయ్యడానికి డబ్బున్నవాడే ఆ విద్య నేర్చాడు. ఇన్‌స్టిట్యూట్ అనేదాని అసలు విలువ మా దృష్టిలో ఇక్కడుంది. విద్యార్థి చేసే తప్పులకు ప్రభుత్వం ఫిలిం కొనిపెట్టే చోటు అది. అందుకే ఆ ఒకటిన్నర సీటు మనకంత ముఖ్యం.

గద్దర్‌ని చూడండి. 'మా భూమి' 1979లో తయారై మరుసటి ఏడు తెరమీదికొచ్చింది. బండెనక బండి పాట పాడుతూ ఆయన ఆ తెరమీదున్నాడు. ఆ గొంతు, ఆ ఒళ్ళు, ఆ కర్ర తెలుగు తెర మీద ఒక దళితుడి సొంత ఉనికి. అయినా కెమెరా ముందే. ఈనాడు తెలంగాణ ప్రభుత్వం సినిమా అవార్డులకు ఆయన పేరు పెట్టింది, సంతోషం.

వెలుతురు కులం

తెలుగువాళ్ళు సినిమా పీజీ చదివిన సందర్భాల్లో మమ్మల్ని ఎక్కువ ఆలోచనలో పడేసింది శేఖర్ కమ్ములది. ఇంజనీరింగు చదివి, అమెరికా పోయి, కంప్యూటరు చదువు కూడా అయినాక ఆయన సినిమాలో మాస్టర్స్ చదివింది వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో. 1867లో, బానిసత్వం రద్దయిన రెండేళ్ళకు, నల్లవాళ్ళ ఉన్నత విద్య కోసం పుట్టిన విశ్వవిద్యాలయం అది. ఇథియోపియాలో పుట్టి, లాస్ ఏంజిలిస్‌లో సినిమా చదివిన హైలె గెరీమా 1975 నుంచి అక్కడ పాఠాలు చెప్పాడు. బానిసల చరిత్ర మీద 1993లో 'శాంకోఫా' తీసింది ఆయనే.

ఆ గెరీమా తరం కథ మన విద్యార్థులు తప్పక తెలుసుకోవాలి. 1960ల చివర లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నల్లవాళ్ళను, ఇతర అల్పసంఖ్యాక జాతులవాళ్ళను సినిమా విభాగంలోకి ప్రత్యేకంగా చేర్చుకునే ఏర్పాటు చేసింది. ఉద్యమాల ఒత్తిడికి తెరిచిన గేటు అది. ఆ గేటులోంచి చార్లెస్ బర్నెట్, జూలీ డాష్, గెరీమా వచ్చారు. బర్నెట్ తన మాస్టర్స్ డిగ్రీ కోసం సమర్పించిన సినిమా 'కిల్లర్ ఆఫ్ షీప్'. కబేళాలో పనిచేసే ఒక నల్ల కూలీ, అతని వాడ, అతని పిల్లలు. వాట్స్ అనే నల్లవాడలో, శని ఆదివారాలు, పదివేల డాలర్లు దాటకుండా తీశాడు. పాటల హక్కులు కొనలేక ముప్పై ఏళ్ళు హాళ్ళలోకి రాని ఆ విద్యార్థి సినిమాను 1990లోనే అమెరికా జాతీయ చిత్రాల జాబితాలో భద్రపరిచింది. రిజర్వేషనుతో వచ్చినవాడికి మెరిట్ ఉండదనే మన మేధావులకు ఇది చెప్పి చూశాం. వాళ్ళు మాట మార్చారు.

హోవర్డ్‌లో ఇంకొకటి నేర్పారు, వెలుతురు. ఇది రవంత వివరంగా చెప్పాలి. కొడాక్ ఫిలిం రంగులు సరిచూసుకోవడానికి ల్యాబుల్లో చాలా ఏళ్ళు ఒక తెల్లటి ఆడమనిషి ఫొటో వాడారు. షర్లీ కార్డు అని దానికి పేరు. ఆమె చర్మం బాగా వస్తే రంగులు సరిగ్గా ఉన్నట్టు. తెల్లవాళ్ళ పక్కన నల్లవాళ్ళను నిలబెట్టి తీస్తే కళ్ళు, పళ్ళు తప్ప ముఖం కనపడేది కాదు. నల్లజాతి తల్లులు బడి ఫొటోల గురించి గొడవ చేసినా కదలని కంపెనీ, చాక్లెట్లవాళ్ళు, కర్రసామాన్లవాళ్ళు తమ సరుకు ముదురు రంగు తేడాలు ఫొటోలో పడడం లేదని చెప్పినాక కదిలింది. 1977లో మొజాంబిక్ పోయిన ఫ్రెంచి దర్శకుడు గొదార్, నల్లవాళ్ళను ఈ ఫిలిం సరిగ్గా చూడలేదని దాన్ని వాడనన్నాడు. యంత్రానికి జాతి ఉండదనుకునే అమాయకత్వం అక్కడితో పోయింది. నల్ల చర్మానికి లైటు ఎట్లా పెట్టాలో హోవర్డ్‌లో ఒక విద్యగా నేర్చుకున్నారు. అక్కడ చదివిన బ్రాడ్‌ఫర్డ్ యంగ్ 'అరైవల్' సినిమాకు, సినిమాటోగ్రఫీలో ఆస్కార్ నామినేషను పొందిన మొదటి ఆఫ్రికన్ అమెరికన్ అయ్యాడు.

మన సంగతి? తెల్లటి హీరోయిన్ ముఖానికి బొగ్గురంగు పూసి దానికి 'డీగ్లామర్ పాత్ర' అని పేరు పెట్టి, అవార్డులిచ్చుకుంటాం. నాట్లలో ఎండకు మాడిన ముఖం మీద ఉదయం ఏడు గంటల వెలుతురు ఎంత అందంగా పడుతుందో కోవూరు మాగాణి గట్టున నిలబడితే తెలుస్తుంది. దాన్ని పట్టుకునే లైటు మీటరు లెక్క మన బళ్ళలో పాఠం కావాలి. శేఖర్ కమ్ముల 2000లో 'డాలర్ డ్రీమ్స్'తో మొదలుపెట్టి, 2021లో 'లవ్ స్టోరీ' దగ్గరికి వచ్చేసరికి ఆర్మూరు దళిత యువకుణ్ణి హీరో చేశాడు. హోవర్డ్ చదువే దానికి కారణమని మేము అనం. నల్లవాళ్ళు పోరాడి నిలబెట్టుకున్న బడిలో తెలుగువాడొకడు చదువుకోగలిగాడు, మన దళితులకు అట్లాంటి సొంత బడి ఇంకా లేదు అనేది మాత్రం గుర్తుచేస్తున్నాం.

వడ్డెర బిడ్డ హోంవర్కు

మరాఠీ దర్శకుడు నాగరాజ్ మంజులే పేరు అందరూ విన్నదే. ఆయన వడార్ కులం వాడనేది మన తెలుగు పత్రికలు పెద్దగా పట్టించుకోలేదు. వడార్లు అంటే మన వడ్డెరలే. బండలు కొడుతూ, చెరువులు తవ్వుతూ దక్కను మీదికి వలసపోయి, ఇప్పటికీ తెలుగు యాస వదలని జనం. పూనా విశ్వవిద్యాలయంలో మరాఠీ ఎం.ఏ. చేసినాక, మంజులే అహ్మద్‌నగర్‌లోని ఒక కాలేజీలో కమ్యూనికేషన్‌లో మాస్టర్స్ చదివాడు. పేరున్న ఫిలిం బడి కాదది. ఆ కోర్సులో హోంవర్కుగా తీసిన పొట్టి సినిమా 'పిస్తుల్యా'. బడికి పోవాలని ఆశపడే పేద పిల్లవాడి కథ. దానికి జాతీయ అవార్డు వచ్చింది. ఆ తర్వాత 2013లో 'ఫండ్రీ', 2016లో 'సైరాట్'.

ఇందులో మన విద్యార్థులకు పనికొచ్చే సంగతి ఉంది. పూనా ఒకటిన్నర సీటు కోసం కొట్లాడుతూనే, జిల్లా కేంద్రాల్లో, విశ్వవిద్యాలయాల్లో ఉన్న కమ్యూనికేషన్ ఎం.ఏ.లను మనవి చేసుకోవాలి. కెమెరా పాతదైనా హాస్టలు ఉంటుంది, స్కాలర్‌షిప్పు ఉంటుంది. వాటినీ గద్దలు తన్నుకుపోతుంటాయి. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 77 తెచ్చి ప్రైవేటు కాలేజీల పీజీ విద్యార్థులకు ఫీజు రీయింబర్స్‌మెంటు ఆపేసినప్పుడు, ముందుగా చదువు మానుకున్నది ఎవరి పిల్లలో మా వాడల్లో అడగండి.

రాష్ట్రపతి పేరున్న బడి

సొంత బడి పేరు పెడితే సరిపోదనడానికి కేరళ చూడాలి. కొట్టాయం జిల్లాలో దళిత రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ పేర ఒక ఫిలిం ఇన్‌స్టిట్యూట్ ఉంది. పీజీ డిప్లొమాలున్నాయి. 2022 డిసెంబరులో అక్కడి విద్యార్థులు సమ్మెకు దిగారు. ప్రవేశాల్లో రిజర్వేషను పాటించడం లేదని, కుల వివక్ష ఉందని, పారిశుధ్య కార్మికులను డైరెక్టరు ఇంటిపనికి వాడుకుంటున్నారని వాళ్ళ ఆరోపణ. దాదాపు యాభై రోజులు నడిచింది. 2023 జనవరిలో డైరెక్టరు రాజీనామా చేశాడు. ఆయన్ను సమర్థించిన ఛైర్మన్ అదూర్ గోపాలకృష్ణన్ కూడా ఆ నెలాఖరుకు తప్పుకున్నాడు. చీపురు పట్టుకున్న ఆడవాళ్ళు, కెమెరా పట్టుకున్న పిల్లలు ఒకే గేటు ముందు కూచున్నారు. భారతదేశపు సినిమా చదువు చరిత్రలో అంతటి దృశ్యం ఇంకొకటి మాకు తోచదు.

అంతటితో అయిపోలేదు. కేరళ ప్రభుత్వం దళిత దర్శకులకు, మహిళలకు సినిమాకు కోటిన్నర రూపాయల దాకా ఇచ్చే పథకం నడుపుతోంది. 2025 ఆగస్టులో తిరువనంతపురంలో జరిగిన సినిమా విధాన సమావేశంలో అదూర్ మాట్లాడుతూ, డబ్బిచ్చే ముందు వాళ్ళకు కనీసం మూడు నెలలు శిక్షణ ఇవ్వాలని, మొత్తం యాభై లక్షలకు తగ్గించాలని అన్నాడు. పెద్ద గొడవైంది. మేమూ ఈ మాట దగ్గర చాలాసేపు ఆగాం. ఎందుకంటే ఈ వ్యాసమంతా శిక్షణ కావాలని అడుగుతున్నదే! మరి ఆయన అన్నదాంట్లో తప్పేంది? తప్పు ఇది: మనం శిక్షణను హక్కుగా అడుగుతున్నాం, ఆయన దాన్ని గేటుగా పెడుతున్నాడు. కోట్లు తగలేసే నిర్మాతల కొడుకులను ఎవరూ మూడు నెలల శిక్షణ అడగరు. ప్రభుత్వ ఖర్చుతో పూనాలో చదువుకున్న మనిషి నోటనే ఆ మాట రావడం మాకు బాధ కలిగించింది. ఆయన సినిమాలంటే మాకు గౌరవమే, ఆ గౌరవం ఈ బాధని తగ్గించలేదు.

పస్తాపూర్ పాఠం

ఇప్పుడు మెడలెత్తి చూసే సంగతికి వద్దాం.

జహీరాబాదు దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉంది. దాన్ని నడిపినవాళ్ళలో ఒకరైన పి.వి. సతీష్ అంతకుముందు దూరదర్శన్‌లో పనిచేసినవాడు, 1975-76లో ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ చూపించిన సైట్ ప్రయోగంలో ఉన్నవాడు. ఆ ప్రయోగంలో పల్లెలు చూసేవి, ఢిల్లీ చూపించేది. 1990ల చివర పస్తాపూర్‌లో ఆ వరస తిరగబడింది. జొన్నలు, కొర్రలు పండించుకునే చిన్న కమతాల ఆడవాళ్ళు, ఎక్కువమంది దళితులు, చాలామంది అక్షరం రానివాళ్ళు, వీడియో కెమెరా నేర్చుకున్నారు. వరంగల్ బి.టి. పత్తి రైతుల నష్టాల మీద వాళ్ళు తీసిన సినిమాలు దేశదేశాల్లో చూపించారు. 2008 అక్టోబరు 15న మాచ్‌నూర్‌లో సొంత రేడియో కూడా పెట్టుకున్నారు.

మాకు ముఖ్యమైంది వాళ్ళు షాట్లకు పెట్టుకున్న పేర్లు. కెమెరా కింద పెట్టి పైకి చూసి తీసే షాటుని ఇన్‌స్టిట్యూట్లలో లో యాంగిల్ అంటారు. ఆ ఆడవాళ్ళు దాన్ని పటేల్ షాట్ అన్నారు. అరుగు మీదో, మంచం మీదో ఉన్న పటేలుని కూలీ కింద నుంచి చూసేది అట్లానే గనక. పైనుంచి కిందికి తీసేది బానిస షాట్. పటేలు మనల్ని చూసేది అట్లా. సంగంలో అందరూ గుండ్రంగా ఒకే ఎత్తున కూచుంటారు, ఒకరి కళ్ళల్లోకి ఒకరు చూస్తూ మాట్లాడుకుంటారు. అందుకని కంటికి సమానంగా పెట్టి తీసేది సంగం షాట్. వాళ్ళ సినిమాల్లో రైతు, కూలీ, ముసలమ్మ అందరూ సంగం షాట్‌లోనే ఉంటారు.

ఇది పీజీ పాఠ్యపుస్తకాల్లో పెట్టాల్సిన సిద్ధాంతం. కెమెరా ఎత్తు అనేది అందం సంగతి అని మాకు తరగతిలో చెప్పారు, అధికారం సంగతి అని చెప్పినవాళ్ళు అక్షరం రాని దళిత ఆడవాళ్ళు. మా తాత నేల మీద కూచుని మెడెత్తి చూసిన మూడు గంటలూ ఆయనకు తెర మొత్తం పటేల్ షాటే. ఇంత పెద్ద ముక్క మాకు డిగ్రీలు చేతికొచ్చినాక, ఒక సెమినారులో చాయ్ తాగుతుంటే తెలిసింది, తరగతిలో కాదు.

పోయిన వేసవిలో కోవూరు పోయినప్పుడు పల్లెలో పిలకాయలు అయిదారుగురు సెల్‌ఫోన్లలో రీల్స్ తీస్తూ కనపడ్డారు. ఫోన్లయితే ఉన్నాయి గదా అని ఈ మూడు షాట్ల పేర్లు చెప్పాం. రెండు నిమిషాల్లో పట్టుకున్నారు. పటేలు అంటే ఎవరని ఒకడడిగితే, మన ఊళ్ళో వేరే పేరుంటదిలే అని ఇంకొకడు చెప్పాడు. చెట్టు కింద ఒక అవ్వ కూచుని చింతపండు గింజ తీస్తోంది. సారా పోరాటంలో కల్లాపు చీపుళ్ళతో దుకాణం ముందు నిలబడ్డ మనిషి. ఆమెతో ఆ సంగతి చెప్పించి తీయమన్నాం. పిలగాడు నిలబడి ఫోను పట్టుకున్నాడు, పక్కవాడు "ఒరే, అది బానిస షాట్ రా" అన్నాడు. వంగాడు, చేతులు వణికాయి. చివరికి వచ్చి ఆమె ఎదురుగా నేల మీద బాసింపట్టు వేసి కూచున్నాడు. అవ్వ చింతపండు పక్కకు నెట్టింది. "ఇంకా ముందుకు జరుగు నాయనా," అంది, "బొమ్మ పడితే చాలా, మాట పడొద్దా?"